తొమ్మిదితో పోతుంది, చాలు

జూలై 7, సోమవారం

డాక్టరమ్మ రోజూ కొంచెమైనా రాయమంది. ఎవరికీ చూపించక్కర్లేదట. ఎవరికి చూపిస్తాను? ఈ డైరీ జనవరిలో కంపెనీ ఇచ్చింది. మార్చి వరకు ఖాళీ. మార్చి తర్వాత కూడా ఖాళీయే గానీ దానికి కారణం ఉంది.

మార్చి 19న కూర్మన్నపాలెం జంక్షన్‌లో బండి మీంచి పడ్డాను. హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. ఈ మాట నేను ఎవరితో చెబుతున్నా మా ఆవిడ సూర్యకళ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. లోపల వాపు వచ్చింది, తగ్గింది. స్కానింగ్ బాగుంది, మనిషీ బాగున్నాడు. ఉద్యోగం సంగతి మాత్రం ఆగస్టు 11న తేలుతుంది. ఆ రోజు కంపెనీ మెడికల్ బోర్డు. ఫిట్ అంటే మళ్ళీ క్రేన్ ఎక్కుతాను. కాదంటే స్టోర్లో కుర్చీ వేస్తారు.

మాది పెద్ద ప్లాంటు కాదు. పెద్ద ప్లాంటుకు వెళ్ళే దారిలోనే ఉంటుంది, బస్సులో వాళ్ళెవరూ తల తిప్పి చూడరు. అందులో ఇరవై రెండేళ్ళుగా లాడిల్ క్రేన్ నడుపుతున్నాను. పెళ్ళిచూపుల్లో మామగారు ఏం పని అని అడిగితే ఇలా చెప్పాను: కరిగిన ఉక్కున్న పెద్ద గంగాళాన్ని పైనుంచి ఎత్తి, మనుషుల పక్కనుంచి తీసుకెళ్ళి, చెప్పిన చోట దించడం. ఆయన "చెప్పిన చోటే కదా?" అని రెండుసార్లు అడిగారు.

చెప్పిన చోటే. ఇరవై రెండేళ్ళూ.

జూలై 8

డాక్టరమ్మ చెప్పిన ఇంకో పని ఇవాళ మొదలుపెట్టాం. ఎవరైనా ఎనిమిది అంకెల నంబరు చదవాలి. నేను చివరిదాకా విని, అప్పుడు రాయాలి.

సూర్యకళ గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతుంది. ఊరికే నంబరు చదవడం ఆమెకు నచ్చదు. ఫోన్లో తోచిన సంఖ్య కొట్టి, తొంభై తొమ్మిదితో గుణించి, వచ్చింది చదివి, వెంటనే చెరిపేస్తుంది. ఉంచితే నేను తొంగి చూస్తానట.

"చెరిపేస్తే నేను రాసింది కరెక్టో కాదో ఎలా తెలుస్తాది?" అన్నాను.

"తొంభై తొమ్మిదితో గుణించింది తొమ్మిదితోనూ శేషం లేకుండా పోవాలి, పదకొండుతోనూ పోవాలి. రెండూ చూసుకోండి. భాగారం చెయ్యక్కర్లేదు. మా పిల్లలకి ఈ వారం అదే పాఠం."

ఇవాళ నేను రాసింది 61421283. అంకెలన్నీ కూడితే 27. ఇరవై ఏడు తొమ్మిదితో పోతుంది, కాబట్టి మొత్తం నంబరూ పోతుంది. ఆరు కోట్ల పైచిలుకు. టీ చల్లారేలోపు తేలిపోయింది.

పదకొండుకైతే ఒకటి విడిచి ఒకటి కూడాలి. 6, 4, 1, 8 ఒక గుంపు, పంతొమ్మిది. 1, 2, 2, 3 ఇంకో గుంపు, ఎనిమిది. తేడా సున్నా గానీ పదకొండు గానీ రావాలి. పదకొండు వచ్చింది. ఇది సూర్యకళే చేసి చూపించింది.

ఒక్క నంబరుకి రెండు పరీక్షలెందుకు? ఒకటి చాలు.

జూలై 9

తొమ్మిదితో పోయింది.

జూలై 10

పోయింది.

జూలై 13, ఆదివారం

ఆరుకి ఆరూ పోయాయి.

"ఏటండీ, తొమ్మిదొక్కటే చూసి కాగితం మడిచేత్తన్నారు?" అంది సూర్యకళ. స్కూల్లో పుస్తకం భాషే మాట్లాడుతుంది. నా మీద అనుమానం వస్తే మాత్రం పుట్టింటి భాష వచ్చేస్తుంది.

పదకొండు సూత్రం నాకు నచ్చలేదు. ఏ అంకె ఏ గుంపులోదో చూసుకోవాలి. తొమ్మిది మర్యాద తెలిసిన సంఖ్య. ఎవరు ఎక్కడ కూర్చున్నా పట్టించుకోదు, అందరినీ కలుపుకుపోతుంది.

కాగితాలు సూర్యకళ ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేస్తోంది. ఎందుకో అడగలేదు.

జూలై 16

ఎల్లారావు వచ్చాడు. మేం బావా బావా అనుకుంటాం గానీ నా చెల్లెలు అతనికి పెళ్ళాం కాదు, అతని చెల్లెలు నాకు పెళ్ళాం కాదు. నేను క్రేన్ మీద, అతను కింద. ఇరవై రెండేళ్ళలో చుట్టరికం అదే వచ్చింది.

అతను సిగ్నల్ మేన్. ఆ గంగాళం, అంటే లాడిల్, ఏ స్టాండుకు వెళ్ళాలో వాకీటాకీలో చెబుతాడు. ఆ హోరులో అంకెలు విడివిడిగా చెప్పుకుంటాం. పన్నెండో స్టాండంటే "ఒన్ టూ". అక్కడ పోత పోస్తారు. ఇరవై ఒకటంటే "టూ ఒన్". అక్కడ మరమ్మత్తు గొయ్యి. అందులో ఎప్పుడూ ముగ్గురు మనుషులు కూర్చుని ఇటుకలు పేరుస్తుంటారు. నాకు వినపడిందని గుర్తుగా ఒక్క హారన్ కొడతాను. మళ్ళీ మాటల్లేవు.

ఇప్పుడు నా చోట సాయిశంకర్ ఎక్కుతున్నాడట. కొత్తవాడు.

"ఏటో బావా, ఆడు అడిగిందే రెండుసార్లు అడుగుతాడు. రెండు హారన్లు కొడతాడు. నాకు మెడ నొప్పొచ్చీసింది, పైకి సూసి సూసి. నువ్వొచ్చీ, బావా."

"పదకొండో తారీఖు" అన్నాను.

ఒక్క చేపముక్క కూడా మిగల్చకుండా తిని వెళ్ళాడు. నేను వస్తానన్న ధైర్యం అతనికి నాకంటే ఎక్కువ ఉంది.

జూలై 20, ఆదివారం

ఎల్లారావు తమ్ముడి గృహప్రవేశం. పొద్దున ఫోన్ చేశాడు, వాళ్ళ కాలనీలో లైన్ నంబరు చెప్పాడు, టెంటు కనిపిస్తుందన్నాడు. సూర్యకళకు స్కూల్లో మీటింగు ఉంటే ఒక్కడినే గోడ గడియారం పట్టుకుని వెళ్ళాను. నలభై ఒకటో లైన్లో టెంటు కనిపించింది.

కూర్చోమన్నారు, కూర్చున్నాను. వడ్డించారు, తిన్నాను. గుమ్మంలో ఒక పెద్దాయన ఫోటో, దానికి దండ. ఇంటి పెద్దని గుర్తుచేసుకుంటున్నారు, మంచిదే అనుకున్నాను. పక్కనున్న మనిషి "మీరు ఆయనతో పనిచేశారా?" అని అడిగాడు. "లేదండీ, ఇల్లు చూద్దామని వచ్చాను" అన్నాను. "ఇల్లు ఆయన కట్టిందే" అన్నాడు. బాగా కట్టారన్నాను. అతను కళ్ళు తుడుచుకున్నాడు.

గడియారం ఇచ్చేటప్పుడు తెలిసింది, అది పెద్దకర్మ అని. అప్పటికే ఆ ఇంటావిడ చేతిలో పెట్టేశాను. ఫోటో కింద పెట్టుకున్నారు.

ఎల్లారావు లైన్ నంబరు తప్పు చెప్పాడు. షాపులో, అంటే మా క్రేన్ షెడ్లో, నోరు అలా జారితే ఏమవుతుంది? ఈసారి వచ్చినప్పుడు గట్టిగా అడగాలి.

జూలై 23

గ్యాస్ వాళ్ళ మెషిన్ పాడైంది. సూర్యకళ స్కూల్ నుంచి ఫోన్లో ఓటీపీ చెప్పింది, నేను సిలిండర్ మనిషికి చెప్పాను. తప్పంది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తప్పంది. మూడోసారి సూర్యకళ నేరుగా అతనితోనే మాట్లాడింది. అప్పటికి మెషిన్ బాగైంది.

సాయంత్రం నంబరు పోయింది.

జూలై 24

పోయింది. కూడిక 36.

జూలై 29

పోయింది. సూర్యకళ ఈ మధ్య చాలా నెమ్మదిగా చదువుతోంది. ఒక్కో అంకెకీ నా మొహం చూస్తోంది. అలా చూస్తే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుందని చెప్పాను. "సరే" అని కిటికీ వైపు తిరిగి చదివింది. గొంతు బాగాలేదు.

ఆగస్టు 2

ఎల్లారావుని లైన్ నంబరు గురించి ఇంకా అడగలేదు. మర్చిపోయి కాదు.

ఆగస్టు 6

ముప్ఫైకి ముప్ఫై. ఒక్కటి కూడా తప్పలేదు. బోర్డు వాళ్ళకు ఈ లెక్క చూపిస్తే చాలు.

ఆగస్టు 7, గురువారం

సూర్యకళ స్కూల్ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా బిస్కెట్ డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. ముప్ఫై కాగితాలు. వాటిని రెండు వరసలు చేసింది. ఒక వరసలో ఇరవై మూడు, ఇంకో వరసలో ఏడు.

"అన్నీ తొమ్మిదితో పోయాయి. ఈ ఏడూ పదకొండుతో పోలేదు" అంది.

ఒక కాగితం నా చేతికిచ్చింది. నా దస్తూరీయే. 46970388. కూడితే 45, తొమ్మిదితో పోతుంది. అదే చెప్పాను.

"పదకొండు చూడండి."

నేను చూడలేదు. ఆమే చూసింది. ఒక గుంపు ఇరవై ఒకటి, ఇంకో గుంపు ఇరవై నాలుగు. తేడా మూడు.

"ఇప్పుడు ఈ ఏడునీ సున్నానీ అటూ ఇటూ మార్చండి. ఇరవై ఎనిమిది, పదిహేడు. తేడా పదకొండు. నేను చదివింది సున్నా ఏడు. మీరు రాసింది ఏడు సున్నా. పక్కపక్క అంకెలు తారుమారైతే కూడిక మారదండీ. తొమ్మిదికి తెలీదు. పదకొండుకే తెలుస్తాది."

"నువ్వే తప్పు చదివావేమో" అన్నాను.

"ఏడుసార్లా?"

"నెమ్మదిగా చదివితే ఎవరైనా తప్పుతారు."

"నాకు జూలై ఇరవై నుంచి అనుమానమే. మీరే ఒక్కరోజైనా పదకొండు చూసుకుంటారని ఊరుకున్నాను" అంది. తర్వాత కాగితాలన్నీ డబ్బాలో వేసి మూత పెట్టింది. మూత సరిగ్గా పడక మూడుసార్లు నొక్కింది.

నేను అన్నం తినలేదు. ఆమె బతిమాలలేదు.

ఆగస్టు 8

సూర్యకళకు లెక్కలు రావు.

ఆగస్టు 9, శనివారం

ఇవాళ నంబరు చెరపొద్దన్నాను. చదివాక ఫోన్ బోర్లా పెట్టమన్నాను. రాశాను. అంకెలు కూడి చూశాను. పోయింది. ఫోన్ తిప్పి చూశాను. సరిపోయింది. ఇంకొకటి అడిగాను. అదీ సరిపోయింది. ఆమె వైపు చూశాను. ఆమె మూడోది చదివింది.

ఫోన్ తిప్పి చూశాను. ఫోన్ సరిగ్గానే ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

నిన్న రాసింది చదువుకున్నాను. అంత భయపడాల్సింది ఏమీ లేదు. అవి ఎనిమిది అంకెలు. స్టాండుకి రెండే అంకెలు. రెండంకెల్లో తప్పేవాడు ఎవడుంటాడు?

బోర్డుకి చొక్కా ఇస్త్రీ చేశాను. సూర్యకళ చెయ్యలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఫిట్.

ముగ్గురు డాక్టర్లు. నూరులోంచి ఏడు ఏడు తగ్గిస్తూ పొమ్మన్నారు, పోయాను. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడిగారు, చెప్పాను. ముక్కు మీద వేలు పెట్టమన్నారు, పెట్టాను. అయిదంకెలు చెప్పి తిరిగి చెప్పమన్నారు. సరిగ్గా చెప్పాను. సరిగ్గానే చెప్పాను, ఎందుకంటే వాళ్ళు తలూపారు. ఎన్నిసార్లడిగినా సరిగ్గా చెబుతానా అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. బుధవారం నుంచి 'ఏ' షిఫ్ట్, పొద్దున ఆరింటికి.

కాగితం సూర్యకళ చేతిలో పెట్టాను. చదివి, మడిచి, దేవుడి దగ్గర పెట్టింది. దండం పెట్టుకుంది. ఏం కోరుకుందో తెలీదు.

ఆగస్టు 12

ఎల్లారావు కిలో పూతరేకులు పట్టుకుని వచ్చాడు. అంత సంతోషం అతని కొడుక్కి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా చూడలేదు.

"రేపట్నించి నా మెడకి సుఖం బావా. నీ హారన్ ఇంటే సాలు, నాను తలెత్తి సూడను. ఎప్పుడేనా సూసానా? ఇరవై రెండేళ్ళు నీ లాడిల్ నా నెత్తి మీద నుంచి ఎల్తంటే నాను కింద బీడీ ఎలిగించుకున్నాను."

అప్పుడు అడిగాను. "మీ తమ్ముడి గృహప్రవేశానికి నువ్వు చెప్పిన లైన్ ఎంత?"

"ఒన్ ఫోర్. ఏటి, రానేదని సంజాయిషీనా? మెసేజ్ కూడా ఎట్టాను గదా." ఫోన్ తీసి చూపించాడు. 14 అని ఉంది. పక్కన నమస్కారం పెడుతున్న చేతుల బొమ్మ. "నువ్వు సూడనేదు గావాల."

"చూళ్ళేదు" అన్నాను.

రెండే అంకెలు.

అతను వెళ్ళాక సూర్యకళ పూతరేకుల డబ్బా తెరిచి నాకు ఒకటి పెట్టింది. తినలేకపోయాను. అతను బీడీ వెలిగించుకోవడమే కళ్ళ ముందు కనిపిస్తోంది. నాకు భయంగా ఉంది. ఈ మాట రాసిన తర్వాత కూడా భయంగానే ఉంది.

ఆగస్టు 13, బుధవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున అయిదున్నరకే షాపులోకి వెళ్ళాను. యూనిఫాం వదులైంది. అందరూ చేతులు కలిపారు. క్రేన్ మెట్లు అరవై నాలుగు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసేసి, షిఫ్ట్ ఇన్‌చార్జి గుణశేఖర్ గారి గదిలోకి వెళ్ళాను. ఎల్లారావు వాకీటాకీ తీసుకోవడానికి అక్కడే ఉన్నాడు.

"సార్, నేను ఎక్కలేను" అన్నాను.

"డాక్టర్లు ఫిట్ అన్నారు కదా వరహాలూ."

"వాళ్ళు తొమ్మిది చూశారు సార్. పదకొండు చూడలేదు."

ఆయన నా తల వైపు చూశారు. తప్పులేదు, నేనైనా అలాగే చూస్తాను. ఒక్క అయిదు నిమిషాలివ్వమని, ఫోన్లో ఏదైనా ఆరంకెలు కొట్టి తొంభై తొమ్మిదితో గుణించి చదవమన్నాను. ఎల్లారావు నవ్వుతున్నాడు. ఏదో ఆట అనుకున్నాడు.

మొదటిది రాశాను. కూడి చూశాను, పోయింది. గుంపులు చేశాను, పదకొండుతోనూ పోయింది. రెండోది. అదీ రెండిటితోనూ పోయింది. నాకు ఒళ్ళు మండింది. మూడు వారాలు తప్పులు రాసిన చెయ్యి, ఇవాళ కావాలంటే రాయడం లేదు.

"బాగానే ఉన్నావయ్యా. వెళ్ళి ఎక్కు" అన్నారు గుణశేఖర్ గారు. నిజం చెప్పాలంటే, ఎక్కాలనిపించింది. రెండుసార్లు సరిగ్గా వచ్చింది కదా, ఇన్‌చార్జే చెబుతున్నాడు కదా, ఇంకేం కావాలి అని నా లోపలే ఎవడో అన్నాడు. వాడు నెలరోజుల నుంచి ఈ డైరీ రాస్తున్నవాడే.

"ఇంకొక్కటి సార్" అన్నాను.

ఆయన విసుక్కుంటూ చదివారు. నేను రాశాను. 52192116. కూడితే 27.

"పోయింది గదా బావా! పద పద" అని ఎల్లారావు నా భుజం పట్టుకున్నాడు.

"ఆగు. ఇంకా ఉంది."

అయిదు, ఒకటి, రెండు, ఒకటి. తొమ్మిది. రెండు, తొమ్మిది, ఒకటి, ఆరు. పద్దెనిమిది. తేడా తొమ్మిది. ఇది నా చేత్తో, ఎవరూ చెప్పకుండా, నేనే చేశాను.

"పదకొండుతో పోలేదు సార్. మీ ఫోన్ చూడండి."

ఆయన ఫోన్ కాగితం పక్కన పెట్టారు. 52191216. కాసేపు ఇద్దరూ రెండిటినీ చూశారు. ముందు ఎల్లారావుకే కనిపించింది. అంకెల మధ్య వేలు పెట్టాడు.

"ఒన్ టూ" అన్నాడు. తర్వాత నా కాగితం మీదికి వేలు జరిపాడు. "టూ ఒన్."

అద్దంలోంచి ఇరవై ఒకటో స్టాండు కనిపిస్తుంది. గొయ్యిలోకి ముగ్గురు మనుషులు దిగుతున్నారు. ఒకడు ముందు టిఫిన్ క్యారియర్ అందించి తర్వాత తను దిగాడు.

గుణశేఖర్ గారు ఫిట్ కాగితం తిరిగి తీసుకున్నారు. ఎల్లారావు నా వెంట గేటు దాకా వచ్చాడు. గేటు దగ్గర ఆగి అన్నాడు.

"సెప్పకండా ఎక్కీసుంటే నాకు తెలిసేది కాదు బావా. నాను సూడను గదా."

"అందుకే చెప్పాను."

చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. నేను షేర్ ఆటో ఎక్కాను.

సూర్యకళ స్కూలుకి వెళ్ళలేదు. గుమ్మంలోనే ఉంది. ఇంత తొందరగా వచ్చానేమని అడగలేదు. "పూతరేకులు తింటారా?" అంది. రెండు తిన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఆగస్టు 14

స్టోర్లో వేస్తారట. స్టోర్లో పనంతా నంబర్లు రాయడమే. సూర్యకళ నవ్వి, వెంటనే సారీ చెప్పింది. పర్లేదన్నాను.

రోజూ నంబరు చదవడం ఆపొద్దని నేనే చెప్పాను.

ఆగస్టు 25, సోమవారం

స్టోర్లో వారం అయింది. కుర్చీకి ఒక కాలు పొట్టి. ఏ నంబరైనా సామాను పక్కన పెట్టుకుని, అంకె అంకెకీ వేలు పెట్టి రాస్తున్నాను. జనం విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

క్రేన్ ఎక్కనని తెలిశాక మొదటి మూడు రోజులు ఎవరైనా "ఎలా ఉన్నావ్" అంటే ఆ మనిషిని కొట్టాలనిపించింది. ఇవాళ ఒకరిద్దరిని మాత్రమే అనిపించింది.

మధ్యాహ్నం షాపులోకి గ్లవ్స్ పట్టుకెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజు తర్వాత షాపులోకి వెళ్ళడం ఇదే. గుణశేఖర్ గారు పద్ధతి మార్చారట. ఇప్పుడు ఒక్క హారన్ చాలదు. కింద చెప్పిన నంబరు పైనుంచి నోటితో తిరిగి చెప్పాలి, తర్వాతే హారన్.

గ్లవ్స్ ఇచ్చి సంతకం పెట్టించుకున్నాను. వెళ్ళిపోవచ్చు. స్తంభం పక్కన నిలబడ్డాను. లాడిల్ నిండి ఉంది.

"ఒన్ టూ" అన్నాడు ఎల్లారావు.

"ఒన్ టూ" అని పైనుంచి సాయిశంకర్ గొంతు వచ్చింది. తర్వాత హారన్.

ఎల్లారావు తలెత్తి చూశాడు. లాడిల్ కదిలి, అతన్ని దాటి, పన్నెండు మీద ఆగి, కిందికి దిగేదాకా ఆ తల దించలేదు. ఒక చెయ్యి మెడ వెనక పెట్టుకుని రుద్దుకుంటూనే చూశాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ వేడికి అక్కడ అందరి కళ్ళలోనూ నీళ్ళే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.